పుస్తకం మార్చడమా, పుస్తకం నుంచి పారిపోవడమా?

ఒకేసారి నాలుగైదు రకాల పుస్తకాలు పెట్టుకుని చదవడం సరైన పద్ధతేనా? ఈ ప్రశ్న అడిగే సోదర సోదరీమణులు మనలో చాలామందే ఉన్నారు. ఫజ్ర్ నమాజు తర్వాత దివ్యఖుర్ఆన్ అనువాదం, మధ్యాహ్నం మసాయిల్ పుస్తకం, సాయంత్రం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితచరిత్ర, రాత్రి పడుకోబోయే ముందు ఏదో ఒక కథల పుస్తకం. ప్రతి పుస్తకం మధ్యలోనూ ఒక గుర్తు కాగితం ఉంటుంది. నెలలు గడిచినా ఆ కాగితం పెద్దగా ముందుకు జరగదు. దీన్ని జ్ఞానతృష్ణ అని కొందరు మెచ్చుకుంటారు. నిలకడ లేని మనసు అని మరికొందరు తప్పుపడతారు.

పైకి ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది. ఎవరి పుస్తకం వారిష్టం, ఎలా చదివితేనేం అనిపిస్తుంది. కానీ ప్రళయదినాన దాసుని పాదాలు కదలక ముందే అతణ్ణి అడిగే ప్రశ్నల్లో ఆయుష్షును గురించిన ప్రశ్నతో పాటు జ్ఞానాన్ని గురించిన ప్రశ్న కూడా ఉందని ప్రవక్త (స) తెలియజేశారు. ఆ హదీసు తిర్మిజీలో ఉంది. ఎన్ని పుస్తకాలు చదివావన్నది అక్కడి ప్రశ్న కాదు. తెలుసుకున్నదానితో ఏం చేశావన్నదే ప్రశ్న. కాబట్టి చదివే తీరును కూడా ఆ ప్రశ్న వెలుగులోనే చూసుకోవాలి.

జ్ఞానకాంక్ష తప్పు కాదు

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇంకా తెలుసుకోవాలన్న కోరికను ఇస్లాం ఎన్నడూ నిందించలేదు. ప్రవక్త (స)పై అవతరించిన తొలి ఆదేశమే చదవమని. జ్ఞానాన్ని ఇంకా పెంచమని ప్రార్థించడాన్ని అల్లాహ్ తన ప్రవక్తకు స్వయంగా నేర్పాడు. తాహా సూరాలో ఆ దుఆ ఉంది. కనుక ఇంట్లో రకరకాల పుస్తకాలు ఉండటం, ఇంటిల్లిపాదీ వాటిని తిరగేయడం సంతోషించదగిన విషయమే.

అయితే అదే ప్రవక్త (స) ప్రయోజనం లేని జ్ఞానం నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. తౌరాతు గ్రంథభారం మోపబడి కూడా దాని బాధ్యత నెరవేర్చనివారిని దివ్యఖుర్ఆన్ జుముఆ సూరాలో పుస్తకాల మూట మోసే గాడిదతో పోల్చింది. గాడిద వీపు మీద ఒక పుస్తకం ఉన్నా, పది పుస్తకాలున్నా దానికి తేడా లేదు. బరువు మాత్రమే పెరుగుతుంది. మనం భయపడవలసిన స్థితి అది.

ఒకే గ్రంథంలో రెండు హితవులు

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. హిజ్రీ 600 ప్రాంతపు పండితుడు ఇమామ్ జర్నూజీ (రహ్మ) విద్యార్థుల కోసం ‘తాలీముల్ ముతఅల్లిమ్’ అనే చిన్న గ్రంథం రాశారు. ఆయన, ‘హిదాయా’ గ్రంథకర్త అయిన ఇమామ్ మర్గీనానీ (రహ్మ) శిష్యుడు. విద్యార్థి ఒక గురువు దగ్గర, ఒక పుస్తకం దగ్గర ఓర్పుతో నిలవాలని, పుస్తకాన్ని తోక తెగినట్లు మధ్యలో వదలరాదని, ఒక విద్య పట్టుబడక ముందే మరో విద్య వైపు మళ్ళరాదని ఆయన అందులో హితవు చెప్పారు.

విచిత్రమేమిటంటే అదే గ్రంథంలో మరో చోట ఆయన ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (రహ్మ) గురించి చెబుతారు. ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యుడైన ఆయన హిజ్రీ 189లో మరణించారు. ఆయన రాత్రుళ్ళు నిద్రపోయేవారు కాదట. రకరకాల గ్రంథాలు దగ్గర పెట్టుకుని, ఒక రకం చదివి విసుగు పుడితే మరో రకం తీసేవారట. నిద్రను తరిమేందుకు పక్కనే నీళ్ళు కూడా ఉంచుకునేవారట. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) కూడా పాఠాలు చెప్పి అలసినప్పుడు కవుల దీవాను తెమ్మనేవారని జర్నూజీ (రహ్మ) అక్కడే పేర్కొన్నారు.

ఒక చోట పుస్తకాన్ని వదలవద్దన్నారు. మరో చోట పుస్తకం మార్చేవారిని ఆదర్శంగా చూపారు. ఇది పరస్పర విరుద్ధమా? కాదు. మొదటి హితవు పుస్తకాన్ని విడిచిపెట్టేవాడి గురించి. రెండోది అలసిన కళ్ళకు కాస్త విశ్రాంతినిచ్చి మళ్ళీ అదే పుస్తకానికి తిరిగి వచ్చేవాడి గురించి. ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) పుస్తకం మార్చింది చదువు ఆగిపోకుండా ఉండటానికే. మనలో చాలామంది పుస్తకం మార్చేది చదువు ఆగిపోయినందుకు. తేడా అంతా ఇక్కడే ఉంది.

రోజుకు పన్నెండు పాఠాలు

ఒకేసారి అనేక గ్రంథాలు చదివినవారిలో ఇమామ్ నవవీ (రహ్మ) పేరు ముందు చెప్పుకోవాలి. మన ఇళ్ళలో చదివే ‘రియాజుస్సాలిహీన్’ ఆయనదే. హిజ్రీ 631లో సిరియాలోని నవా అనే ఊళ్ళో పుట్టి, 649లో చదువు కోసం డమాస్కస్ చేరుకున్నారు. అక్కడ ఆయన రోజుకు పన్నెండు పాఠాలు చదివేవారని ఆయన శిష్యుడు ఇబ్నుల్ అత్తార్ (రహ్మ) నమోదు చేశారు. అందులో ఇమామ్ గజాలీ (రహ్మ) రాసిన ‘వసీత్’ అనే ఫిఖహ్ గ్రంథంలో రెండు పాఠాలు, ‘ముహజ్జబ్’లో ఒకటి, సహీహ్ ముస్లింలో ఒకటి, వ్యాకరణంలో, పదస్వరూపంలో, భాషలో ఒక్కొక్కటి. ఇవి కాక ధర్మశాస్త్ర మూలసూత్రాలు, హదీసు ఉల్లేఖకుల వివరాలు, విశ్వాస మూలాలు.

పన్నెండు అనే సంఖ్య చూసి మనం నాలుగు పుస్తకాలు ముందేసుకుంటే సరిపోదు. ఆ పన్నెండింటినీ ఆయన ఊరికే తిరగేయలేదు. ప్రతి పాఠం గురువు ముందు చదివేవారు. క్లిష్టమైన చోటును విడమరచి, పదాల ఉచ్చారణను సరిచూసి, పుస్తకం పక్కనే రాసుకునేవారు. ఏ పుస్తకానికీ దాని హక్కు ఎగ్గొట్టలేదు.

అంతటి ఇమామ్ జీవితంలోనే మరో సంఘటన కూడా ఉంది. వైద్యం నేర్చుకుందామనే ఉద్దేశంతో ఆయన ఇబ్నె సీనా ‘ఖానూన్’ కొన్నారు. కొన్ని రోజులకే మనసంతా చీకటి కమ్మినట్లై ఏ పనీ సాగలేదట. కారణమేమిటా అని ఆలోచించి, వైద్యంలో తలదూర్చడమే దీనికి కారణమని గ్రహించి, ఆ పుస్తకాన్ని అమ్మివేశారట. అప్పుడు గాని ఆయన హృదయం తేటపడలేదట. దీన్నిబట్టి వైద్యవిద్య నిందనీయమని ఎవరూ అనుకోరాదు. అది సమాజానికి తప్పనిసరిగా అవసరమైన విద్య. మా అవగాహన ఏమిటంటే, ప్రతి మనిషికీ ఒక మోత ఉంటుంది. పన్నెండు పాఠాలు మోసిన భుజానికి పదమూడోది భారమైంది. ఇమామ్ గొప్పతనం పన్నెండు మోయడంలోనే కాదు, పదమూడోదాన్ని దించివేయడంలో కూడా ఉంది.

మదర్సా పద్ధతి ఏం చెబుతోంది?

ప్రఖ్యాత చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ (మరణం హిజ్రీ 808) తన ‘ముఖద్దిమా’లో విద్యార్థికి ఒకేసారి రెండు విద్యలు కలిపి బోధించరాదని అన్నారు. మనసు రెండుగా చీలి, ఏదీ పూర్తిగా చేతికి రాదని ఆయన వాదన. ఇమామ్ గజాలీ (రహ్మ) కూడా ‘ఇహ్యా’లో విద్యలన్నిటిలోకీ ఒక్కసారే దూకవద్దని, ముఖ్యమైనదానితో మొదలుపెట్టి క్రమం పాటించమని చెప్పారు.

మరి మన మదర్సాల మాటేమిటి? 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ సిహాల్వీ (రహ్మ) పేరుమీద ప్రసిద్ధమైన దర్సె నిజామీలో విద్యార్థి ఒకే రోజు సర్ఫ్, నహూ, మంతిఖ్, ఫిఖహ్ వంటి ఐదారు రకాల పుస్తకాలు చదువుతాడు. చివరి సంవత్సరమైన దౌరె హదీసులో సిహాహె సిత్తా ఆరూ ఒకే ఏడాదిలో సాగుతాయి. ఇబ్నె ఖల్దూన్ హితవుకు ఇది భిన్నంగానే కనిపిస్తుంది.

కానీ ఆ విద్యార్థిని పడిపోకుండా నిలబెట్టే ఊతాలు మూడున్నాయి. పాఠానికి ముందు ముతాలా, అంటే గురువు దగ్గరికి వెళ్ళకముందే తానే చదివి చూసుకోవడం. తర్వాత దర్స్, గురువు ముందు కూర్చోవడం. రాత్రి తక్రార్, తోటి విద్యార్థులతో కలిసి ఆ పాఠాన్నే మళ్ళీ చెప్పుకోవడం. ప్రతి పుస్తకానికీ ఒక గంట, ఒక గురువు, ఒక పరీక్ష ఉంటాయి. అన్నిటికీ మించి ఆ పుస్తకాలు వేరువేరు దారులు కావు. సర్ఫ్, నహూ మెట్లు ఎక్కితేనే ఖుర్ఆన్, హదీసు అర్థమవుతాయి. పుస్తకాలు అనేకం, గమ్యం ఒక్కటే.

ఇంట్లో చదువుకునే మనకు గురువు గంట కొట్టడు. తక్రార్‌కు తోటివారు రారు. సెల్‌ఫోనులో వందల గ్రంథాలు పీడీఎఫ్‌లుగా చేరి ఉన్నాయి. వేలితో తాకితే చాలు, ఒకటి పోయి మరొకటి వస్తుంది. కాబట్టి ఆ కట్టుబాటును మనకు మనమే విధించుకోవాలి.

అలసటా? పలాయనమా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనిషి మనసు అలసిపోతుంది. ఇది సహజం. సహాబాలకు విసుగు కలగకూడదని ప్రవక్త (స) ప్రతిరోజూ ఉపదేశించకుండా రోజులు విడిచి ఉపదేశించేవారని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) తెలిపారు. ఇది బుఖారీలో ఉంది. కాబట్టి బరువైన గ్రంథం చదివి అలసినప్పుడు తేలికైనది తీయడంలో దోషం లేదు.

కానీ మనసు చాలా తెలివైనది. అది పారిపోవాలనుకున్నప్పుడు కూడా అలసట వేషమే వేసుకుంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సోదరుడు నిసా సూరా తఫ్సీరు చదువుతున్నాడు. ఉత్సాహంగానే సాగుతోంది. 11వ ఆయతు వచ్చింది. కుమారునికి ఎంత, కుమార్తెకు ఎంత అని అల్లాహ్ స్వయంగా వాటాలు నిర్ణయించిన ఆయతు అది. ఇతని తండ్రి పోయి ఆరేళ్ళయింది. పొలం, ఇల్లు అన్నదమ్ముల చేతిలోనే ఉన్నాయి. చెల్లెలికి చేరింది ఏమీ లేదు. పెళ్ళికి అంత ఖర్చు పెట్టాం కదా అన్నది ఇంట్లో స్థిరపడిపోయిన సమాధానం. కానీ పెళ్ళి ఖర్చు వేరు, వారసత్వపు వాటా వేరు. ఒకదానితో మరొకటి చెల్లిపోదు. ఆ పేజీ దగ్గర అతని కళ్ళు బరువెక్కుతాయి. ఈ తఫ్సీరు కాస్త కఠినంగా ఉంది, కొన్నాళ్ళు సీరత్ చదువుదాం అనుకుంటాడు. సీరత్ పుణ్యగ్రంథమే. అతను చదివేదీ మంచి విషయమే. కానీ గుర్తు కాగితం 11వ ఆయతు దగ్గరే ఉండిపోతుంది.

ఈ సోదరుణ్ణి బయటివారు చూస్తే ఎప్పుడూ ధార్మిక గ్రంథాలు చేతబట్టుకుని ఉంటాడని మెచ్చుకుంటారు. అతనూ తనను గురించి అలాగే అనుకుంటాడు. ప్రమాదం ఇక్కడే ఉంది. చెడ్డ పుస్తకం చేతిలో ఉంటే తప్పు చేస్తున్నామని మనసుకు తెలుస్తుంది. మంచి పుస్తకం చాటున దాక్కున్నప్పుడు ఆ సంగతి తెలియదు.

రుణం తీర్చే స్తోమత ఉండీ వాయిదా వేయడం గురించిన అధ్యాయం, పొరుగువారి హక్కుల అధ్యాయం, తెగిపోయిన బంధుత్వాన్ని కలుపుకోవడం గురించిన అధ్యాయం ఇలాంటివే. మన గుర్తు కాగితాలు ఎక్కడెక్కడ ఆగి ఉన్నాయో ఒకసారి తీసి చూద్దాం. పేజీ కష్టంగా ఉండి ఆగామా, పేజీ మన గురించే మాట్లాడుతోందని ఆగామా?

సహాబాల చదువు తీరు మరోలా ఉండేది. వారు పది ఆయతులు నేర్చుకుంటే, వాటిలోని జ్ఞానం, ఆచరణ రెండూ వంటబట్టేవరకు తర్వాతి ఆయతులకు వెళ్ళేవారు కాదని, తమకు ఖుర్ఆన్ నేర్పిన సహాబాలు అలా చెప్పారని తాబియీ అయిన అబూ అబ్దుర్రహ్మాన్ సులమీ (రహ్మ) ఉల్లేఖించారు. బఖరా సూరా నేర్చుకోవడానికి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)కి ఎనిమిదేళ్ళు పట్టిందని ‘మువత్తా’లో ఉంది. అరబ్బీ ఆయన మాతృభాష. అయినా ఎనిమిదేళ్ళు! ఆలస్యమైంది అర్థం కాక కాదు, ఆచరణను వెంట తీసుకువెళ్ళవలసి ఉన్నందువల్ల.

సులువు వెతుక్కునే చదువు

పుస్తకాలు కలిపి చదవడంలో మరో ప్రమాదం కూడా ఉంది. రెండు మూడు రకాల మసాయిల్ గ్రంథాలు ముందేసుకుని, ఒకే సమస్యకు ఏ పుస్తకంలో ఏం రాశారో చూస్తారు. ఇమాముల మధ్య అభిప్రాయభేదాలు ఉండటం కొత్తేమీ కాదు. వాటిని ఆధారాలతో తూచగల పండితులకు అది అవసరమైన పనే. కానీ సామాన్య పాఠకుడి చేతిలో ఏమవుతుంది? ఒక విషయంలో ఈ పుస్తకం సులువుగా ఉందని ఇది, మరో విషయంలో ఆ పుస్తకం సులువుగా ఉందని అది. చివరికి అతను అనుసరించేది ఏ ఇమామునూ కాదు, తన కోరికనే. అందుకే విద్యారంభంలో ఉన్నవాడు పండితుల విభేదాల్లో తలదూర్చవద్దని, అది బుద్ధిని కలవరపెడుతుందని ఇమామ్ గజాలీ (రహ్మ) హెచ్చరించారు. కాబట్టి ఒకేసారి చదవదలిస్తే వేరువేరు రకాల పుస్తకాలు చదవండి. ఒకే రకంవి, ముఖ్యంగా ధర్మాదేశాలకు సంబంధించినవి, నమ్మకమైన పండితుని సలహాతో ఒక్కటే చదవండి.

పుస్తకాలకూ హక్కులున్నాయి

ప్రభువుకు నీపై హక్కుంది, నీ దేహానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ప్రతి హక్కుదారుకూ వారి హక్కు ఇవ్వమని హజ్రత్ సల్మాన్ (రజి) హజ్రత్ అబూ దర్దా (రజి)కి బోధించగా, ప్రవక్త (స) ఆ మాటను ధృవీకరించారు. ఈ సూత్రం పుస్తకాలకు కూడా వర్తిస్తుంది.

హిజ్రీ 733లో మరణించిన ఇమామ్ ఇబ్నె జమాఅ (రహ్మ) పుస్తకాలు పేర్చే మర్యాదను కూడా రాశారు. అన్నిటికంటే పైన ముస్‌హఫ్, తర్వాత హదీసు, తర్వాత తఫ్సీరు, ఆ కింద క్రమంగా మిగతా విద్యలు, నహూ, సర్ఫ్, ఆ తర్వాత కవిత్వం, ఛందస్సు. అలమారలో ఈ వరుసను మన ఇళ్ళలో చక్కగానే పాటిస్తాం. ముస్‌హఫ్ మీద మరో పుస్తకం పెడితే చిన్నపిల్లలనైనా మందలిస్తాం. కానీ మన కాలంలో ఆ వరుస ఉందా? రోజంతా ఇతర పుస్తకాలకు, ఫోనుకు ఇచ్చి, కళ్ళు మూతపడే వేళ మిగిలిన ఐదు నిమిషాలు ఖుర్ఆన్‌కు ఇస్తే, అలమారలో పైన ఉన్న గ్రంథం దినచర్యలో అట్టడుగున ఉన్నట్లే కదా?

ఇంట్లో చదువుకునే సోదర సోదరీమణులు ఈ కింది విషయాలు పాటిస్తే మేలు కలుగుతుందని మా ఆశ.

ఒకటి, అన్ని పుస్తకాల్లో ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకోండి. దానికి రోజులో మెలకువగా ఉండే వేళ కేటాయించండి. రెండు పేజీలైనా సరే, మానకండి. కొద్దిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు చెబుతున్నాయి.

రెండు, విశ్రాంతి కోసం పెట్టుకున్న పుస్తకం విశ్రాంతికే ఉండాలి. ప్రధాన గ్రంథం స్థానాన్ని అది ఆక్రమించుకోకూడదు.

మూడు, పుస్తకం మూసేటప్పుడు అధ్యాయం చివరో, హదీసు చివరో మూయండి. మనసు కుదరని చోట మూయకండి. అక్కడ ఆగవలసి వస్తే, ఎందుకు ఆగారో ఆ కాగితం మీదే ఒక్క మాట రాసుకోండి. అబద్ధపు కారణం రాయడానికి చెయ్యి ఒప్పుకోదు.

నాలుగు, మదర్సా విద్యార్థుల తక్రార్‌ను ఇంట్లోకి తీసుకురండి. రాత్రి భోజనాల దగ్గర, ఎవరు ఏం చదివారో ఒక్కొక్కరు ఒక్క విషయం చెప్పండి. అమ్మ ఉర్దూలో చదివింది చెబుతుంది, పిల్లలు తెలుగులో చదివింది చెబుతారు. బడి పుస్తకాన్నీ ఇందులో చిన్నచూపు చూడకండి. హలాల్ సంపాదనకు, ప్రజాసేవకు దారితీసే విద్య సత్సంకల్పంతో చదివితే పుణ్యకార్యమే.

ఐదు, ఒకటి పూర్తయ్యాకే మరో కొత్తది మొదలుపెట్టండి. ఒక పుస్తకం మీకు తగినది కాదని తేలితే, ఇమామ్ నవవీ (రహ్మ) లాగా తెలిసి, ఆలోచించి దించివేయండి. సగంలో వదిలేసి, చదువుతున్నాను అని చెప్పుకోకండి.

ప్రియ పాఠకులారా! ఎన్ని పుస్తకాలు ఒకేసారి చదవవచ్చు అనే ప్రశ్నకు మేము ఒక సంఖ్య చెప్పలేదు. ఇమామ్ నవవీ (రహ్మ)కి పన్నెండు కుదిరాయి. మరొకరికి రెండే కుదరవచ్చు. దిన పనులతో అలసిన గృహిణికి ఒక్క హదీసే కుదరవచ్చు. ఎవరి మోత వారికి తెలుసు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు. మార్చిన పుస్తకానికి మళ్ళీ తిరిగి వస్తున్నామా లేదా అన్నదే చూసుకోవలసింది. ఏ పేజీ దగ్గర ఆగిపోయామో ఆ పేజీలోనే బహుశా మన కోసం ఒక పని రాసి ఉంది. ఆ పని పూర్తిచేస్తే పేజీ తనంతట తానే తిరుగుతుంది.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిపై ఆచరించే శక్తిని, ఎవరి హక్కు వారికి చేర్చే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.